వేళకు వచ్చిన రైలు

ఆ రోజు పొద్దుటి ప్యాసింజరు మా స్టేషనుకు సరిగ్గా ఎనిమిది నలభైకి వచ్చింది. రెండు నిమిషాలు ఆగింది. ఎనిమిది నలభై రెండుకు పాలమూరు వైపు వెళ్ళిపోయింది. మా ఊరి నుంచి ఆ రైలులో రోజూ పనికి పోయేవాళ్ళం పదకొండు మందిమి. ఒక్కరం కూడా ఎక్కలేదు.

స్టేషను గోడమీది బోర్డులో ఆ రైలు వేళ ఎనిమిది నలభై అనే రాసి ఉంది. ఆ బోర్డును ఎవరూ అబద్ధమని తిట్టేవారు కాదు, నిజమని నమ్మేవారూ కాదు. గోడ అన్నాక ఒక పటం ఉండాలి గనక ఉంది అన్నట్టు ఉండేది.

నేను ఆ సమయానికి స్టేషను ఎదుటి చాయ్ హోటల్లో ఉన్నాను. దూరాన పొగ కనిపిస్తే ఏదో గూడ్సు అనుకున్నాను. పక్కవాళ్ళతో ఆ మాటే అన్నాను కూడా. హోటలు యజమాని పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే తల తిప్పి చూసి, "గూడ్సుకు గన్ని కిటికీలెందుకుంటయి సారూ?" అన్నాడు. మేము గ్లాసులు బల్లమీద పెట్టి లేచి, రోడ్డు దాటి, గేటు దగ్గర ఒకరినొకరు తోసుకుని లోపలికి పోయేసరికి చివరి పెట్టె వెనకభాగం మాత్రం మిగిలింది.

మాలో పది మందికి ఆ రోజు పోయింది ఒక పూట సెలవు. పదకొండో మనిషికి పోయింది ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం. ఆయన మా ఊరి నేతవీధి మనిషి. పాలమూరులో ఒక సర్కారు కచేరీలో టెంపరరీ నకలునవీసు, అంటే అసలు కాగితం చూసి దానికి నకలు రాసిపెట్టే గుమాస్తా. ఆ రోజు పదిన్నరకు ఆయనకు పరీక్ష. నెగ్గితే పర్మినెంటు. రైలు వచ్చినప్పుడు ఆయన స్టేషనుకు రెండు ఫర్లాంగుల దూరంలో, మోచేతుల దాకా గంజితో, వీధి నడుమ నిలబడి ఉన్నాడు.

ఆయన తెలివితక్కువవాడు కాదు. అది ఎలా జరిగిందో తెలియాలంటే మొదట మా రైలు సంగతి తెలియాలి.

మా రైలు ఆలస్యంగా వచ్చేదనడం దానికి అన్యాయం చేయడమే. అది తొమ్మిది ఇరవైకి వచ్చేది. వానాకాలంలో తొమ్మిదిన్నర. ఏళ్ళ తరబడి నేను చూశాను, ఈ మాట ఒక్కనాడూ తప్పలేదు. ఎందుకు అన్న ప్రశ్న మొదట్లో కొందరు అడిగారట. వెనక స్టేషనులో ఇంజను నీళ్ళు తాగుతుందని ఒకరు, ఎదురు గూడ్సుకు దారి ఇస్తుందని ఒకరు చెప్పారు. ఎండాకాలంలో నీళ్ళు లేనప్పుడూ, గూడ్సు రాని రోజుల్లోనూ తొమ్మిది ఇరవైకే రావడంతో అడగడం మానేశారు.

ఆ నలభై నిమిషాలు మా ఊరికి ఇనాంగా వచ్చిన భూమి వంటివి. ఎవరి చెక్క వాళ్ళు దున్నుకున్నారు. హోటలాయన రెండో విడత చాయ్ ఆ వేళకే పెట్టేవాడు. మంగలాయన స్టేషను గోడ నీడలో ఇద్దరికి గడ్డాలు గీసేవాడు. గొల్లాయన తన మందను తొమ్మిది గంటలకు నింపాదిగా పట్టాలు దాటించేవాడు. ఒక్క గొర్రె కూడా తల ఎత్తి చూసేది కాదు. నేను పట్నంలోని ఒక దినపత్రికకు పాలమూరు నుంచి వార్తలు పంపేవాణ్ణి. ఆ నలభై నిమిషాల్లో పోటీ పత్రిక చదివి, అందులో తప్పులు వెతికి, మనసు తేలిక చేసుకుని రైలెక్కేవాణ్ణి.

నకలునవీసు వాటాకు వచ్చింది పడుగు పని. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడుగునా గుంజలకు కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వాలి. ఎండ ముదరక ముందే అది అయిపోవాలి. మొదలుపెట్టాక ఆపడం కుదరదు. గంజి తడి ఆరేలోగా దువ్వకపోతే దారం దారానికి అతుక్కుంటుంది, పడుగంతా మోకులాగా బిగుస్తుంది. వీధి ఒక్కటే, ఇళ్ళు ఏడు. అందుకని ఇంటికొక రోజు వంతు పెట్టుకున్నారు. ఒక వంతు తప్పితే మళ్ళీ వారం ఆగాలి, ఆ వారం మగ్గం ఖాళీ.

నేతవీధి తూర్పు చివర నిలబడితే స్టేషను అవతలి సిగ్నలు కనిపిస్తుంది. తన వంతు రోజున నకలునవీసు అటు కొసన ఎవరినో ఒకరిని నిలబెట్టేవాడు. "సిగ్నలు పడ్డది" అని కేక వినగానే చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని స్టేషనుకు వచ్చేవాడు. ఎప్పుడూ రైలుకంటే ముందే ఉండేవాడు. చేతి వెంట్రుకల మీద కొంచెం గంజి ఎండి ఉండేది, అంతే.

ఆలస్యానికి కచేరీలో ఒక ఏర్పాటు ఉంది. రైలు తొమ్మిది ఇరవైకి బయలుదేరితే పాలమూరు చేరేసరికి పది దాటేది. పది గంటల పది నిమిషాల తర్వాత హాజరుపట్టీలో ఎర్రగీత. మూడు ఎర్రగీతలకు ఒక సెలవు కోత. కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన కచేరీ సూపరింటెండెంటు మంచివాడే, కాని కాగితం లేని మాట ఆయన చెవికి ఎక్కేది కాదు. రైలు లేటని స్టేషనుమాస్టరు చేత రాయించుకుని వస్తే ఎర్రగీత కొట్టేస్తానన్నాడు. అప్పటి నుంచి స్టేషనుమాస్టరుకు రోజూ పొద్దున ఒక పని పెరిగింది. రైలు ఎన్ని నిమిషాలు లేటో రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి తలా ఒక చీటీ ఇచ్చేవాడు. ఆ చీటీలు రాస్తుండగా రైలు ఇంకో నాలుగు నిమిషాలు ఆగేది. కొంతకాలానికి ఆయన కూడా దారి కనిపెట్టాడు. వారానికి సరిపడా చీటీలు ముందే సంతకం, ముద్ర వేసి, నిమిషాల దగ్గర ఖాళీ వదిలి ఇచ్చేవాడు. "మీరే నింపుకోండ్రి భై, మీకు దెల్వదా?" అనేవాడు.

సూపరింటెండెంటు ఒక్కో చీటీ చదివి, మూలన "చూశాను" అని రాసి, బల్లమీది ఇనుప చువ్వకు గుచ్చేవాడు. చువ్వ నిండితే దారం కట్టి బీరువాలో పెట్టించేవాడు. ఆ కచేరీలో ఏ కాగితమూ అంత భద్రంగా దాచబడలేదు.

నకలునవీసు మొదట ఉర్దూలో రాసేవాడు. ఆయన రాసిన నకలు పక్కన అసలు కాగితం మురికిగా కనిపించేదని పాత ఉద్యోగులు చెప్పేవారు. రాష్ట్రాలు కలిసిన తర్వాత కచేరీ భాష ఇంగ్లీషైంది. ఆయన నలభై దాటిన వయసులో పిల్లల పుస్తకం తెచ్చుకుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దాడు. రైలులో ఒళ్ళో పలక పెట్టుకుని రాసేవాడు. పట్టాల కుదుపుకు అక్షరం వంకరపోతే ఉమ్మి తుడిచి మళ్ళీ రాసేవాడు. అయినా ఉద్యోగం టెంపరరీయే. ప్రతి మార్చిలో వచ్చే ఏడాదికి ఉంటాడో లేదో తెలియక, ఒక పూట తిండి మానేసి తిరిగేవాడు. ఎనిమిదో ఏట హుకుం వచ్చింది: ఇంగ్లీషు నకలు పరీక్ష నెగ్గిన టెంపరరీవాళ్ళు పర్మినెంటు. ఆ కచేరీకి ఖాళీ ఒకటి, అర్హుడు ఒకడు.

"పర్మినెంటు కాగితం చేతికి రాంగనే నా మగ్గం గుంత పూడుస్త తమ్మీ," అన్నాడు నాతో రైలులో. ఆయన ఇంట్లో రెండు గుంత మగ్గాలు, నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి నేసేవి. ఒకటి ఆయన తల్లిది, ఒకటి ఆయనది. "ఆ జాగల ఒక బల్ల ఏస్త. కాళ్ళు కిందికి ఏలాడేసుకోని గాదు, నేల మీద పెట్టుకోని కూసుంట."

తల్లి మాత్రం తొందరపడలేదు. "కాగితం రానియ్యి బిడ్డా. మట్టి యాడికి పోతది?" అన్నదట.

పరీక్ష పెట్టే అధికారి పట్నం నుంచి వస్తాడని తెలిసింది. సూపరింటెండెంటు నకలునవీసును పిలిచాడు.

"ఏమయ్యా, పదింటికి పరీక్ష అంటున్నారు. మీ రైలు నిన్ను అప్పటికి తీసుకురాదు కదా?"

"రాదు సారూ. పది దాటుతది."

"నేను రాసి పదిన్నరకు మార్పించాను. మీ రైలు సంగతి నాకు తెలియదా ఏమిటి! చీటీలన్నీ నేనే చూస్తున్నాను."

అంటే ఆ పరీక్ష వేళే మా రైలు ఆలస్యం మీద నిలబెట్టి కట్టింది. ఈ సంగతి తర్వాత చాలా పనికొచ్చింది, పనికొచ్చిందంటే ఫైలు లావుకావడానికి.

ఆ రోజు నకలునవీసు ఇంటి వంతు. గంజి పలచనైందని మళ్ళీ కాచడంతో పని అరగంట వెనకబడింది. తల్లి ముందే చెప్పింది: "ఇయ్యాల ఇడిసిపెట్టు కొడుకా. వంతు పోతే పోనియ్యి."

"తొమ్మిది ఇరవై దాక ఏం జేయాలె? హోటల్ల కూసోని ఈగలు గొట్టాల్నా? ఎన్మిదేండ్ల సంది జూస్తున్న, గా బండి నాకు దెల్వదా?"

పడుగు సగం దువ్వారు. తూర్పు కొసన ఆయన బావమరిది ఉన్నాడు. "బావా! సిగ్నలు పడ్డది!"

"గూడ్సుకు పడ్డదేమో. కుంచె పట్టు."

"గూడ్సు గాదే! పెట్టెలు గనబడుతున్నయి!"

"నీ కండ్లకు గొర్రెలు గూడ పెట్టెల్లెక్కనే గనబడ్తయి."

అప్పుడు కూత వినిపించింది. ఆ కూత నేతవీధిలో అందరికీ తెలుసు. దువ్వేవాళ్ళంతా ఒక్క క్షణం కుంచెలు ఆపారు. సగం పడుగు మీద గంజి తడితడిగా మెరుస్తున్నది. ఆయన కుంచె కింద పెట్టలేదు, ముందుకూ కదల్చలేదు. తల్లి వచ్చి చేతిలోంచి గుంజుకుంది. "పో! పడుగు నేను జూసుకుంట. పో!"

ఆయన చొక్కా చేతిలో పట్టుకుని వచ్చాడు. మేమంతా ప్లాట్‌ఫారం మీద రైలు పోయిన దిక్కు చూస్తూ నిలబడి ఉన్నాం. ఆయన మా ముఖాలు చూసి చొక్కా తొడుక్కున్నాడు.

స్టేషనుమాస్టరు ఆనాడు కొత్తగా ఉతికిన తెల్లకోటు వేసుకుని ఉన్నాడు. అప్పుడు తెలిసింది, రైల్వే పెద్దాఫీసరు తనిఖీ పెట్టె ఆ బండికి తగిలించి ఉందని. ఆయన ఉన్నాడని వెనక స్టేషనులో ఇంజను నీళ్ళు తాగలేదట.

"మాస్టరు సాబ్, చీటీ," అన్నాడు నకలునవీసు.

"ఏం చీటీ?"

"లేటు చీటీ."

"అరే, బండి టైముకొచ్చె గద భై!"

"గందుకే గద మేం లేటైనం."

"ఇదేం ఇన్సాఫ్ భై? లేటొస్తే చీటీ అడిగిన్రు, ఇచ్చిన. ఇయ్యాల టైముకొస్తే గూడ చీటీయేనా? పెద్దసాబు గా బండ్లనే పోయిండు. నలభై నిమిషాలు లేటని రాస్తే, నా నౌకరి నలభై నిమిషాలు గూడ ఉండది."

హోటలాయన మా వెనకే వచ్చి వింటున్నాడు. నకలునవీసు చొక్కా జేబులో పోయిన వారం మిగిలిన చీటీ ఒకటి ఉన్న సంగతి అందరికీ తెలుసు. సంతకం ఉంది, ముద్ర ఉంది, నిమిషాల జాగా ఖాళీగా ఉంది. "దాన్ని నింపరాదే అన్నా," అన్నాడు హోటలాయన మెల్లగా. "నీ దస్తూరికి ఎవడు తప్పు పడ్తడు?"

స్టేషనుమాస్టరు ముఖం తెల్లకోటు రంగుకు వచ్చింది.

నకలునవీసు చీటీ తీసి చూశాడు. గంజి వేళ్ళ ముద్రలు దానిమీద పడ్డాయి. "నేను నకలు రాసెటోణ్ణి," అన్నాడు. "అసలు లేనిదానికి నకలెట్ల రాస్త?" ఆ చీటీ స్టేషనుమాస్టరుకే తిరిగి ఇచ్చాడు. "సాబ్, ఉన్నదే రాసియ్యి. బండి టైముకొచ్చిందని రాసియ్యి."

స్టేషనుమాస్టరు ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక చీటీని మనస్ఫూర్తిగా రాశాడు.

రోడ్డు మీదికి మూడు మైళ్ళు నడిచి, పల్లికాయ బస్తాల లారీ ఒకటి దొరికితే ఎక్కి, మేము పాలమూరు చేరేసరికి పన్నెండు దాటింది. కచేరీ వరండాలో సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. పట్నం అధికారి కూడా అదే రైలులో వచ్చాడట. ఇంత చక్కగా నడిచే రైలు తాను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడట. పదకొండు దాకా ఆగి, అభ్యర్థి రాలేదని రాసి, మధ్యాహ్నం మరో ఊరికి పోయాడు.

"రైలు వేళకు వచ్చిందని ఆయనే స్వయంగా చెప్పారయ్యా! నేనేం చెప్పను?" అన్నాడు సూపరింటెండెంటు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. చెయ్యి మాత్రం అలవాటుగా ముందుకు చాచాడు. "ఏదీ, చీటీ?"

నకలునవీసు చీటీ ఇచ్చాడు. రైలు వేళకు వచ్చింది, వేళకు పోయింది అని అందులో ఉంది. సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు. మూలన "చూశాను" అని రాసి చువ్వకు గుచ్చాడు. తర్వాత తాను చేసిందేమిటో అర్థమై దాన్ని చువ్వ నుంచి తీయబోయాడు, అది చిరిగింది.

మర్నాడు నకలునవీసు అర్జీ పెట్టుకున్నాడు. ఇంగ్లీషు నేను చూసిపెట్టాను, సంగతి మాత్రం ఆయనదే. ఈ రైలు తొమ్మిది ఇరవైకి వస్తుందని ఈ కచేరీయే ఏళ్ళుగా చీటీల మీద ఒప్పుకుంటూ వచ్చింది. పరీక్ష వేళనూ దాన్నిబట్టే పెట్టింది. కనుక ఆ రోజు రైలు వేళకు రాలేదు, నలభై నిమిషాలు ముందు వచ్చింది. ముందు చెప్పకుండా ముందు వచ్చినందుకు అభ్యర్థిని దండించరాదు. మరోసారి పరీక్ష పెట్టాలి.

సూపరింటెండెంటు దాన్ని చింపేయాలనుకుంటే చింపేయవచ్చు. కాని బీరువా నిండా ఆయన చేతి "చూశాను"లు ఉన్నాయి. అర్జీ తప్పయితే అవన్నీ తప్పు. అర్జీ ఒప్పయితే రైల్వేవాళ్ళ టైముటేబులు తప్పు. రెండూ తనంతట తాను తేల్చగలిగినవి కావు గనక పై కచేరీకి పంపాడు.

నేను నా పత్రికకు వార్త పంపాను: ప్యాసింజరు వేళకు వచ్చినందువల్ల పదకొండు మందికి ఇబ్బంది. అంతకుముందు రైలు రోజూ ఆలస్యమవుతున్నదని రాస్తే, రోజూ జరిగేది వార్త కాదని డెస్కువాళ్ళు తిప్పి పంపారు. ఈసారి, వేళకు వస్తే ఫిర్యాదేమిటి, ఆలస్యమైనప్పుడు రాయండి అని తిప్పి పంపారు. వార్తలతో తిరిగొచ్చిన రెండు చీటీలూ ఒకే చేతిరాత.

పై కచేరీ నుంచి మూడు నెలలకు ప్రశ్న వచ్చింది. రోజూ ఆలస్యంగా వచ్చే రైలు ఒకనాడు వేళకు వస్తే దాన్ని ఏమనాలి అన్న విషయమై పూర్వం ఏదైనా ఉత్తర్వు ఉన్నదా? లేదని జవాబు పోయింది. అయితే చీటీలన్నిటికీ శుభ్రమైన ఇంగ్లీషు నకళ్ళు మూడేసి పంపమన్నారు. కచేరీలో నకలు రాసేవాడు ఒక్కడే. ఆయన తన కేసు కాగితాలకు తానే నకళ్ళు రాశాడు. మధ్యాహ్నాలు నేను వెళ్ళినప్పుడల్లా బీరువా పక్కన ఆ చీటీల కట్టలు విప్పుకుని కూర్చుని ఉండేవాడు. పరీక్షలో అడిగేదానికి నాలుగింతలు రాశాడు, ఒక్క కొట్టివేత లేదు. ఆ నకళ్ళు చూసి పై కచేరీవారు, ఈ దస్తూరి ఎవరిదో గాని మెచ్చుకోదగినదని ఫైలు మార్జినులో రాశారు. అది ఎవరిదని అడుగుతూ మరో ఉత్తరం రాలేదు.

తల్లి ఒక్కతే దువ్విన పడుగు సగం బాగుపడింది, సగం పోయింది. ఆమె దాని మాట కొడుకు ముందు ఎత్తలేదు. "ఏమన్నరు బిడ్డా, పైనోళ్ళు?" అని మాత్రం సాయంత్రం అడిగేది. "నకళ్ళు అడుగుతున్నరే," అనేవాడు. "రాసియ్యి మరి. రాసుడు నీకు వచ్చు గద," అనేది.

ఇది జరిగి ఏడేళ్ళయింది. స్టేషను బోర్డు మారింది. ఇప్పుడు రైలు వేళ తొమ్మిది ఇరవై అని రాసి ఉంది. రైలు పది గంటలకు వస్తున్నది. కొత్త సూపరింటెండెంటు చీటీలు అడుగుతున్నాడు. ఫైలు చూసే పై కచేరీ గుమాస్తా నందికొండ డ్యాం పనుల మీదికి బదిలీ అయ్యాడు. అక్కడి బీరువా తాళంచెవి తీసుకుపోయాడని కొందరు, తాళమే లేదని కొందరు అంటారు. ఖాళీ పోస్టు, నిర్ణయం వచ్చేదాకా భర్తీ చేయరాదని ఆపి ఉంచారు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు, ఆయనకూ ఇవ్వలేదు. ప్రతి మార్చిలో ఆయన టెంపరరీ ఉద్యోగాన్ని మాత్రం ఇంకో ఏడాదికి పొడిగిస్తున్నారు.

పోయిన నెల నేను ఆ ఇంటికి వెళ్ళాను. రెండు మగ్గాలూ నడుస్తున్నాయి. గుంత పూడ్చడానికని ఆ రోజుల్లో తెచ్చిన ఎర్రమట్టి కుప్ప గోడవారన అలాగే ఉంది.